ఏ ప్రేరేపణవలన? జాన్ వెస్లీ జీవితము

ధ్యానమునకు వాక్యభాగములు: రోమా 8:14-17, గలతీ 4:1-7, లూకా 15:25-32



ఒకే పొలములో ఇద్దరు అరక దున్నుచున్నారనుకొందము. ఒకడు పాలేరు, రెండవవాడు ఆసామి కుమారుడు. గట్టుమీద నిలిచి చూచువానికి భేదమేమియు కనబడదు. ఇద్దరి చేతిలోను ములుకోల యున్నది, ఇద్దరి వీపుమీదను ఎండ కాయుచున్నది. చాలు తిన్నగానే పోవుచున్నది. ఒకవేళ పాలేరే మరింత చక్కగా దున్నుచుండవచ్చును. అయినను ఒకడు ప్రొద్దు ఎంత వాలినదని ఆకాశము చూచును, రెండవవాడు మబ్బు పట్టినదా అని చూచును. మన తాతముత్తాతలలో అనేకులు ఏడాది జీతమునకు కుదిరి పాలేరుతనము చేసినవారే గనుక ఈ భేదమును మనకు వేరొకరు నేర్పనక్కరలేదు.

పౌలు రోమా పత్రికలోను గలతీ పత్రికలోను ఈ సంగతినే యెత్తి చెప్పుచున్నాడు. దేవుని యింటిలో పని చేయువారిలో దాసులు కలరు, కుమారులు కలరు. చేయు పని ఒకటే కావచ్చును, చేయించునది వేరు. లోపలనుండి మనిషిని కదలించు ఆ శక్తిని మనస్తత్వశాస్త్రము చదివినవారు ప్రేరణ అందురు. మన సంఘములలో వాడుక మాట ప్రేరేపణ. ఒకే బ్రదుకులో మొదట దాసుడుగాను తరువాత కుమారుడుగాను దేవుని సేవించిన ఒక భక్తుని చరిత్రను ఈ సంచికలో చూతము. ఆయన జాన్ వెస్లీ. మెదకు ప్రాంతపు సంఘములవారికి ఈ పేరు క్రొత్త కాదు. వారి పెద్దలకు సువార్త చెప్పిన వెస్లియను మిషను ఈయన పేరు పెట్టుకొనినదే.

వెస్లీ 1703 జూన్ నెలలో ఇంగ్లాండు దేశములోని ఎప్‌వర్తు అను ఊరిలో పుట్టెను. తండ్రి సామ్యూలు ఆ ఊరి పాదిరి. తల్లి సూసన్నా పందొమ్మిదిమంది బిడ్డలను కనెను. పసితనము దాటి బ్రదికినవారు పదిమందియే. పల్లె పాదిరి యింటి సంగతి మనకు తెలియనిది కాదు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. అప్పు తీర్చలేక ఆ తండ్రి కొంతకాలము చెరసాలలో కూడ నుండవలసివచ్చెను. తల్లి పెంపకము మిక్కిలి క్రమమైనది. ఏడాది నిండిన బిడ్డ ఏడ్చినను మెల్లగానే యేడ్వవలెను. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఆమె ఒంటరిగా కూర్చుండి వాని ఆత్మ సంగతి మాటలాడును. జానునకు వచ్చిన దినము గురువారము. పెద్దవాడై దూరమున చదువుచున్నప్పుడు కూడ ఆ గురువారపు సమయములో కొంచెము తనకొరకు వినియోగించుమని ఆయన తల్లికి ఉత్తరము వ్రాసెను.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ యిల్లు తగులబడెను. అందరు బయటపడిరి గాని అయిదేండ్ల జాను మేడమీద చిక్కుకొనెను. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒకని భుజములమీద మరియొకడు ఎక్కి కిటికీలోనుండి బిడ్డను లాగిన తక్షణమే యింటికప్పు కూలెను. దేవుడు ఇంత కనికరముతో దక్కించిన ఈ బిడ్డ ఆత్మను గూర్చి ఇకమీదట మరి యెక్కువ జాగ్రత్త వహింతునని తల్లి తన ధ్యానములలో వ్రాసికొనెను. జెకర్యా 3:2 లోని అగ్నిలోనుండి తీసిన కొరవి తానేయని జాను జీవితాంతము తలంచెను.

మనిషి నడతకెల్ల మూలము బాల్యములోనే వెదకుట ఈ కాలపు పండితులకు వాడుక. అదే తల్లి, అదే క్రమము గల ఆ యింటిలో తక్కిన పిల్లలు వేర్వేరు విధములుగా పెరిగిరి గనుక నేను ఆ లెక్కను మరీ దూరము లాగను. అయినను తాను దేనికొరకో బ్రదికింపబడితినని వినుచు పెరిగిన బిడ్డకు బ్రదుకే ఒక అప్పువలె తోచుట వింత కాదు. అప్పుపడినవాడు నిద్రలో కూడ వడ్డీ లెక్క వేయును.

ఆ లెక్క ఆక్స్ఫర్డులో కనబడుచున్నది. 1720లో అక్కడ చదువ చేరి, 1725లో డీకనుగా అభిషేకము పొంది, మరుసటి యేట లింకను కాలేజీలో ఫెలో అయ్యెను. సుఖముగా కాలము గడుపదగిన ఉద్యోగము. ఆయన సుఖము కోరలేదు. తమ్ముడు చార్లెసు మరి కొందరు యువకులతో కూడి 1729 నుండి ఒక చిన్న సహవాసము నడచెను. బుధవారము శుక్రవారము మధ్యాహ్నము మూడు గంటలవరకు ఉపవాసము. 1730 నుండి చెరసాలకు పోయి ఖైదీలను చూచుట, బీద పిల్లలకు చదువు చెప్పించుట, తరచుగా ప్రభు భోజనము పుచ్చుకొనుట. ప్రతి పనికి ఒక పద్ధతి యుండుటచేత తోడి విద్యార్థులు వారిని మెథడిస్టులని, అనగా పద్ధతివారని, ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళి పేరే తరువాత ఒక గొప్ప సంఘమునకు నిలిచిపోయెను.

ఆ దినములలో వెస్లీ వ్రాసికొనిన దినచర్య పుస్తకములు ఇప్పటికిని ఉన్నవి. వాటిని చూచినవారికి జాలి పుట్టును. లేచిన గంట మొదలు పరుండు గంటవరకు ఏ గంటలో ఏమి చేసెనో గుర్తులతో వ్రాసెను. అంతటితో తృప్తి లేదు. ఆ గంటలో తన భక్తి ఎంత వేడిగా నుండెనో ఒకటి మొదలు తొమ్మిదివరకు అంకె వేసికొనెను! నాటిన విత్తనము మొలచినదో లేదోయని గంటగంటకు మన్ను తీసి చూచినట్లున్నది. ఇది వేషధారణ అని యెవరును అనరాదు, ఆయనంత యథార్థవంతుడు ఆ పట్టణములో అరుదు. అయితే మనస్సుకు ఒక గుణము కలదు. ప్రేమను కొలుచుటకు కూర్చున్న మనస్సు ఆ ఘడియలో ప్రేమించుట మాని తన్ను తానే చూచుకొనును. ఎంత కొలిచిన అంత తరుగును.

వేదాంతముగా చెప్పిన, ఆయన రెండు మెట్లను తారుమారు చేసెను. ముందు పరిశుద్ధుడనైన పిమ్మట దేవుడు నన్ను అంగీకరించునని తలంచెను. ముందు కృపచేత అంగీకరింపబడి, ఆ తరువాత పరిశుద్ధతలో పెరుగుట సువార్త క్రమము. తారుమారైనప్పుడు ఉపవాసము, ధర్మము, చెరసాల దర్శనము ఇవన్నియు ఒకే ప్రశ్నకు జవాబులగును: నేను గట్టెక్కుదునా?

దీనికి రెండు సాక్ష్యములు ఆయన వ్రాతలోనే కలవు. 1734లో తండ్రి ముసలివాడై, తన తరువాత ఎప్‌వర్తు సంఘమును జాను పుచ్చుకొనవలెనని కోరెను. తల్లికి, అక్కచెల్లెండ్రకు ఆ యిల్లే ఆధారము. జాను సంఖ్యలు వేసి పెద్ద ఉత్తరము వ్రాసి వల్లకాదనెను. ఆక్స్ఫర్డులోనైతేనే తన ఆత్మకు ఎక్కువ మేలని, తాను పరిశుద్ధముగా నుండగల చోటనే ఇతరులకును మేలు చేయగలనని వాదించెను. వాదన చక్కగానే యున్నది గాని ఆ ఊరి జనుల ఆకలి అందులో ఎక్కడ? మరుసటి యేట తండ్రి చనిపోయెను. అదే 1735 అక్టోబరులో ఆయన అమెరికాలోని జార్జియా వలసకు పాదిరిగా ఓడ యెక్కెను. ఎందుకు పోవుచున్నావని అడిగిన పెద్దకు, తన ముఖ్యోద్దేశము తన స్వంత ఆత్మను రక్షించుకొనుటయేయని దాపరికము లేకుండ వ్రాసెను. మనలో ఎందరు తమ ఉద్దేశమును అంత సూటిగా ఒప్పుకొందురో తెలియదు.

ఆ ప్రయాణములో జర్మనీ దేశపు మొరేవియను విశ్వాసులు కొందరుండిరి. 1736 జనవరి 25న సాయంకాలము వారు కూడి ఆరాధించుచుండగా పెద్ద అల లేచి ఓడమీద విరుచుకుపడి తెరచాపను చీల్చెను. ఇంగ్లీషువారు భయముతో కేకలు వేసిరి. మొరేవియనులు పాట ఆపలేదు. అంతయు అణగిన తరువాత వెస్లీ వారిలో ఒకనియొద్దకు పోయి, మీకు భయము వేయలేదా, మీ స్త్రీలు పిల్లలైనను భయపడలేదా అని అడిగెను. లేదని అతడు శాంతముగా చెప్పెను. చావంటే తనకు భయమేయని వెస్లీకి తెలిసిపోయెను. ఒడ్డు చేరిన తరువాత స్పాంగన్‌బర్గు అను మొరేవియను పెద్ద ఆయనను, యేసుక్రీస్తును నీవెరుగుదువా అని అడిగెను. ఆయన లోకరక్షకుడని యెరుగుదునని వెస్లీ జవాబిచ్చెను. నిజమే, నిన్ను రక్షించెనని యెరుగుదువా అని ఆ పెద్ద మరల అడిగెను. ఎరుగుదునని నోటితో చెప్పెను గాని ఆ మాటలు వట్టివేమోనని ఆయనకే సందేహము కలిగెను.

జార్జియాలో ఆయన కష్టపడి పనిచేసెను. ఫలము చేదైనది. వారి నియమములు మోయలేక జనులు విసిగిరి. సోఫియా హాప్కీ అను యువతిమీద ఆయనకు మనస్సు కలిగెను గాని తేల్చుకొనలేకపోయెను. ఆమె 1737లో వేరొకని పెండ్లాడగా, కొన్ని నెలలకు సంఘ నియమము తప్పినదని ఆమెకు ప్రభు భోజనము నిరాకరించెను. నియమము ప్రకారము సరియేయనవచ్చును. నియమముతోపాటు నొచ్చుకొనిన మనస్సు కూడ పనిచేయలేదని ఎవరు చెప్పగలరు? వ్యాజ్యము నడచెను, ఆ సంవత్సరము డిసెంబరులో ఆయన ఆ వలసను విడిచి బయలుదేరెను. ఇతరులను మార్చ బోయిన తానే మార్పు నొందలేదని దినచర్యలో వ్రాసికొనెను.

1738 ఫిబ్రవరిలో లండనులో ఆయనకు పీటరు బోలరు అను మొరేవియను యువకుడు కలిసెను. వెస్లీకి 34 ఏండ్లు, బోలరునకు 25. విశ్వాసము లేనివాడను ప్రసంగము మానివేయుదునా అని పెద్దవాడు చిన్నవానిని అడిగెను. మానవద్దని, విశ్వాసము కలుగువరకు విశ్వాసమును గూర్చి ప్రసంగింపుమని, కలిగిన తరువాత కలిగినది గనుక ప్రసంగింతువని బోలరు బుద్ధి చెప్పెను. ఈ ఆలోచన మంచిదా కాదా అని సెమినరీలో మేము చాల వాదించుకొంటిమి. పల్లెలో ఇన్నేండ్లు పనిచేసిన పిమ్మట అది మంచిదేయని నాకు తోచుచున్నది.

మే 24వ తేది బుధవారము. ఉదయము అయిదు గంటలకు ఆయన బైబిలు తెరువగా 2 పేతురు 1:4 కనబడెను. ఇల్లు విడుచునప్పుడు మరల తెరువగా మార్కు 12లో, రాజ్యమునకు దూరముగా లేవని ప్రభువు ఒక శాస్త్రితో పలికిన చోటు కనబడెను. మధ్యాహ్నము సెంటు పాలు దేవాలయములో 130వ కీర్తన పాడిరి. సాయంకాలము ఆల్డర్స్‌గేటు వీధిలో ఒక కూడికకు మనస్సు లేకయే పోయెను. అక్కడ ఒకరు రోమా పత్రికకు లూథరు వ్రాసిన ముందుమాటను చదువుచుండిరి. తొమ్మిదికి పావుగంట తక్కువయైనప్పుడు, క్రీస్తునందలి విశ్వాసముచేత దేవుడు హృదయములో చేయు మార్పును గూర్చి చదువుచుండగా, తన హృదయము వింతగా వెచ్చనైనదని ఆయన వ్రాసెను. రక్షణకొరకు క్రీస్తును మాత్రమే నమ్ముకొంటినని, తన పాపములను, అవును తనవే, ఆయన తీసివేసెనని నిశ్చయము కలిగెను.

అనేకులు ఆ వెచ్చదనముతోనే ఆగుదురు. దాని తరువాతి వాక్యము నాకు ఎక్కువగా తోచును. ఆ ఘడియలో ఆయన చేసిన మొదటి పని తన్ను బాధించినవారికొరకు ప్రార్థన చేయుట. అదివరకు ఆయన చూపు లోపలికి, తన ఆత్మ లెక్కమీదికే తిరిగియుండెను. లెక్క క్రీస్తు తీర్చెనని తెలిసిన తక్షణమే అది బయటికి, అదియు శత్రువులవైపునకు, తిరిగెను.

ఆ తరువాత దినదినము పండుగ అనుకొనకుడి. ఆ రాత్రియే శోధనలు వచ్చెను. ఎనిమిది నెలలు తిరుగకమునుపే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుడను కానని మరల వ్రాసికొనెను. అయినను ఆ సంవత్సరము ఏప్రిలు 2న బ్రిస్టలు దగ్గర బయట నేలమీద నిలిచి ప్రసంగించెను. దేవాలయము వెలుపల ఆత్మలను రక్షించుట ఇంచుమించు పాపమని అంతకుముందు తలంచిన మనిషి! స్నేహితుడు విట్‌ఫీల్డు పిలిచినందున, తన మర్యాదను విడిచి, 2 సమూయేలు 6లో దావీదు వలె మరింత హీనుడగుటకు ఒప్పుకొనెను. వినినవారు సుమారు 3,000 మంది. కింగ్స్‌వుడ్డు బొగ్గు గనులలో పనిచేయువారియొద్దకును పోయెను. నాలుగేండ్ల క్రిందట తన పరిశుద్ధతకు ఏ చోటు మంచిదని వెదకినవాడు, ఇప్పుడు వారెక్కడ నుందురో అక్కడికే పోవుచున్నాడు. వేకువనే లేచుట అదే, ఉపవాసము అదే, చెరసాల అదే. ముందు వాటిని చేయించినది వేరు.

ఆ తొలి కూడికలలో కొందరు కేకలు వేసి నేలబడిరి. విలియం సార్జెంటు అను ఇంగ్లీషు మానసిక వైద్యుడు 1957లో ఒక గ్రంథము వ్రాసి, నరకభయముచేత వినువారి నరములను అలయజేసి, ఆ బలహీన సమయములో క్రొత్త నమ్మకమును నాటుటయే వెస్లీ విధానమని చెప్పెను. ఈ మాటకు కోపపడక వినవలెను. ఉజ్జీవ కూటములలో జనులను ఏడిపించుటయే గురిగా పెట్టుకొను ప్రసంగీకులు మనకును తెలియును. అయితే ఆ వైద్యుడు చెప్పినది సగమే. వెస్లీకి స్వయముగా మార్పు వచ్చినది కేకల నడుమ కాదు, ఒక ముందుమాట చదువుట వినుచు. మార్పు పొందినవారిని ఆయన ఏడ్పుతో వదలలేదు. 1742 నుండి ఇంచుమించు పండ్రెండుగురు చొప్పున తరగతులుగా కూర్చెను. వారమువారము ఒక నాయకుని యింట కూడి, ఒకరి భారము ఒకరు విని, ఒక్క పెన్నీ కానుక ఇచ్చుచు వారు పెరిగిరి. భయము మనిషిని గుడివాకిలివరకు తోలగలదు. ఏండ్ల తరబడి తోటివాని బాధ వినుచు కూర్చుండబెట్టుట భయముచేత నగునా?

మరియొక సంగతి దాచకూడదు. 1766లో, 63వ యేట, వెస్లీ తన తమ్ముడు చార్లెసునకు ఒక ఉత్తరము వ్రాసెను. దేవునియెడల ప్రేమ తనలో కనబడుట లేదని, ఎన్నడును లేదేమోనని అందులో కొన్ని గురుతుల లిపిలో మరుగుచేసి వ్రాసెను. తనకు నరకభయము లేదనియు, అయినను పని తన్ను మోసికొని పోవుచున్నదనియు తెలిపెను. ఇది చదివి కొందరు కలత చెందుదురు. నాకు ఆదరణ కలుగుచున్నది. ఆయన స్వభావము తర్కము గలది, కంట నీరు త్వరగా రాని మనిషి. మనస్సులోని భావము వాతావరణమువంటిది, మారుచుండును. ప్రేరేపణ భూమిలోని తడివంటిది. పైన ఎండి నెరెలు విచ్చినను లోపలి తడితో పైరు నిలుచును. తాను ప్రేమించుట లేదని తలంచిన ఆ దినములలోనే ఆయన గుర్రముమీద ఊరూర తిరిగి బీదలకు సువార్త చెప్పుచుండెను.

ఇప్పుడు దాసుని మాటకు తిరిగి వత్తును. మార్పు పొందిన తొలి దినములలో వెస్లీ కఠినముగా మాటలాడెను. నిశ్చయత లేనివాడు ఉగ్రతపాత్రుడేయని, తాను జార్జియాలో నున్నప్పుడు అట్టివాడనేయని వ్రాసెను. ముప్పది యేండ్లు దాటిన తరువాత తన దినచర్యను మరల అచ్చు వేయించునప్పుడు ఆ మాటలకు చిన్న సవరణలు చేర్చెను. అప్పుడు సహితము తనకు దాసుని విశ్వాసముండెనని, కుమారుని విశ్వాసము మాత్రమే లేదని. 1788లో ప్రకటించిన ఒక ప్రసంగములో, యాబది యేండ్ల క్రిందట తామీ భేదము గ్రహింపలేదని ఒప్పుకొని, దేవునికి భయపడి నీతిగా నడచువానిని అపొస్తలుల కార్యములు 10:35 ప్రకారము దేవుడు త్రోసివేయడని బోధించెను. దాసుడు అక్కడనే నిలువక కుమారుడగువరకు సాగవలెనని కూడ చెప్పెను.

గోర్డను ఆల్పోర్టు అను అమెరికా పండితుడు 1967లో ప్రకటించిన పరిశోధనలో ఇంచుమించు ఈ భేదమునే వేరు మాటలతో చెప్పెను. కొందరు తమ మతమును క్షేమమునకో గౌరవమునకో వాడుకొందురు, కొందరు దానిని జీవింతురు. ఆల్పోర్టు భేదము కనిపెట్టెను. ఒకవైపునుండి రెండవవైపునకు దాటించు వంతెన సిలువయని చెప్పుట మన పని.

మన సంఘములలో జ్వరము తగ్గవలెనని గుడికి వచ్చువారు కలరు. బిడ్డ పెండ్లి కుదిరిన కానుక వేతునని మ్రొక్కుకొనువారు కలరు. పట్టీలో పేరు తీసివేయుదురని, చనిపోయినప్పుడు పాదిరి రాడని వచ్చువారును కలరు. ఆ ప్రేరేపణ తక్కువదేయని మనము ప్రసంగపీఠముమీదనుండి వారిని సిగ్గుపరచిన, దాసుని యింటినుండి వెళ్లగొట్టినవారమగుదుము. లూకా 15లో తప్పిపోయిన కుమారుని కథ చెప్పునప్పుడు మనము పెద్దవానిని తిట్టి ముగింతుము. తండ్రి అట్లు చేయలేదు, బయటికి వచ్చి వానిని బతిమాలెను. దాసునివలె ఇన్నేండ్లు సేవించితినని వాడు లెక్క చెప్పగా, నీవు నా కుమారుడవు, నాది నీదేయను భావముతో తండ్రి మాటలాడెను. పెద్దవాడు లోపలికి పోయెనో లేదో లూకా వ్రాయలేదు.

వెస్లీ వివాహము సుఖమైనది కాదు. 1751లో ఒక విధవరాలిని పెండ్లాడెను, వారికి పొసగలేదు, ఆమె ఆయనను విడిచి వెళ్లెను. ఎడతెగక ప్రయాణము చేయు భర్తతో కాపురము ఏ స్త్రీకైనను కష్టమేయని నా తలంపు. ధనము విషయములో మాత్రము ఆయనను పట్టుకొనుటకు చోటు లేదు. పుస్తకములవలన చాల పైకము వచ్చినను నిలువ చేయలేదు. 1776లో సర్కారు వెండి సామానుమీద పన్ను అడుగగా, లండనులో రెండు చెంచాలు, బ్రిస్టలులో రెండు చెంచాలు ఉన్నవని, చుట్టునున్నవారు రొట్టెకు లేక అలమటించుచుండగా ఇంకను కొననని జవాబు వ్రాసెను.

1785 జనవరిలో ఆయనకు 81 ఏండ్లు. లండనులో బీదలకు బట్టలు లేవు. కరుగుచున్న మంచు వీధులలో చీలమండలవరకు నిండియుండగా, ఆ నీళ్లలో ఉదయమునుండి సాయంకాలమువరకు అయిదు దినములు ఇంటింటికి నడిచి భిక్షమెత్తి 200 పౌనులు కూర్చెను. ఆ మంచులో నడుచుచు తన ఆత్మ లెక్క వేసికొనెనని ఎక్కడను వ్రాయలేదు. బట్టల లెక్కయే వ్రాసెను.

1791 మార్చి 2న, 87వ యేట, లండను సిటీ రోడ్డులోని తన యింట ఆయన నిద్రించెను. మరణశాసనములో శవరథము వద్దని, ఆడంబరము వద్దని వ్రాసియుంచెను. తన దేహమును సమాధికి మోసికొనిపోవుటకు ఆరుగురు బీదలను పిలిచి ఒక్కొక్కరికి ఒక పౌను ఇయ్యవలెనని ఏర్పాటు చేసెను. వారే మోసిరి.